తౌవు వేయని మార్కు

ఆ ఉదయం ఇంటినుంచి బయలుదేరేముందు అపిసాయి మోకాళ్ళమీద కూర్చుని దేవుణ్ణి ఒకటే అడిగాడు. ఎవరి బిడ్డకూ అన్యాయం చేయని చెయ్యి నాకివ్వు తండ్రీ అని.

భార్య వసితి గుమ్మంలో నిలబడి అతను నడుముకు చుట్టుకున్న సులు బట్ట అంచు లాగి సరిచేస్తూ నవ్వింది.

"నిన్న కూడా ఇదేగా అడిగావు. ఆయనకి నిన్ననే వినబడి ఉంటుందిలే."

"నిన్న పదహారుమంది. ఇవాళ పదిహేనుమంది. పిల్లలు వేరు కదా" అన్నాడు అపిసాయి.

"పిల్లలు వేరే, చెయ్యి అదేగా! బస్సు పోతుంది, వెళ్ళు."

అపిసాయి అరవై మూడేళ్ళవాడు. ముప్పై నాలుగేళ్ళపాటు దీవుల రాజధాని సువాలో ఆసుపత్రి పిండికట్ల గదిలో పనిచేసి, విరిగిన చేతులనూ కాళ్ళనూ అతికించి రిటైరయ్యాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు. ఆదివారాలు గుడిలో పాస్టరు ఊళ్ళో లేనప్పుడు ప్రసంగం చేస్తాడు. అలాంటివాణ్ణి వైద్య కళాశాలవాళ్ళు పిలిచి, డాక్టరు చదువుకు వచ్చే పిల్లల్ని ఎంచే బల్లదగ్గర కూర్చోమన్నారు. ఇద్దరు డాక్టర్లు, ఒక మామూలు మనిషి, ఇదీ అక్కడి పద్ధతి. రేపు ఆ పిల్లల చేతుల్లో పడేది మామూలు మనుషులే కనుక, వాళ్ళ తరపున ఒకరుండాలని.

బల్లకు పెద్ద డాక్టర్ మెరెసేని. యాభై దాటిన ఆవిడ, పొడుగరి. నవ్వడానికి కూడా గడియారం చూసుకునే రకం. రెండోవాడు డాక్టర్ బిసున్ దత్. చెరుకు పొలాల్లో పుట్టి పెరిగినవాడు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. మొదటిరోజే మెరెసేని అపిసాయికి పని వివరించింది.

"బడి మార్కులు వీళ్ళు ఎంత నేర్చుకున్నారో చెబుతాయి. ఇంకా ఎంత నేర్చుకోగలరో చెప్పవు. అది మనం కనిపెట్టాలి. ఒక్కొక్కరం పదికి మార్కు వేస్తాం. ముగ్గురి మార్కులూ కలిపితే ఇరవై ఒకటి రావాలి. ఒక్కటి తగ్గినా పేరు జాబితాకెక్కదు. ముగ్గురిలో ఏ ఒక్కరు వేయకపోయినా లెక్క చెల్లదు."

"మనిషి లోపల ఎంతుందో దేవుడికి కదా తెలుస్తుంది డాక్టరమ్మా. మనకెలా కనబడుతుంది?" అన్నాడు అపిసాయి. ఎదురాడాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నాకూ కనబడదు. అందుకే రెండు కాయితాలు పెట్టాను" అంది మెరెసేని.

మొదటి కాయితం ప్రతి పిల్లకూ ఇస్తారు. అందులో రెండు ఆసుపత్రుల లెక్క ఉంటుంది. మొదటి ఆసుపత్రికి నూరుమంది జ్వరంతో వచ్చారు, పదిమంది చనిపోయారు. రెండోదానికి ఇరవైమంది వచ్చారు, నలుగురు చనిపోయారు. ఏ ఆసుపత్రి మేలు? అంతే ప్రశ్న. రెండో కాయితం మెరెసేని మోచేతికింద ఉంటుంది. ఎవరైనా అడిగితేనే బయటికి వస్తుంది. అడగనివాళ్ళకు అదొకటుందని కూడా తెలియదు.

మొదటిరోజు నోరు విప్పినవాళ్ళందరూ మొదటి ఆసుపత్రే మేలన్నారు. నూటికి ఇంత, నూటికి అంత అని చకచకా చెప్పారు. తెలివైన పిల్లలు. అపిసాయి ముచ్చటపడి ఎడాపెడా మార్కులు వేశాడు. నోరు విప్పనివాళ్ళకు మాత్రం మూడో నాలుగో వేశాడు. మాట్లాడినవాళ్ళలో ఇద్దరు మాత్రమే, మెల్లగా, ఇంకేమైనా వివరం దొరుకుతుందా అని అడిగారు. అప్పుడు మెరెసేని మోచెయ్యి కదిలింది. ఆమె ముఖం వెలగడం అపిసాయి ఆ రెండుసార్లే చూశాడు.

రోజూ పొద్దున్నే ఇంకో పనికూడా ఉండేది. ఆరోజు వచ్చే పిల్లల పేర్లూ చిరునామాలూ ఉన్న కాయితం ఇస్తారు. వీరిలో ఎవరూ నాకు అయినవాళ్ళు కారు అని సంతకం పెట్టాలి. చిన్న దేశం, దీవులన్నీ ఒకదానికొకటి చుట్టాలే, అందుకని ఆ జాగ్రత్త. రెండోరోజు కూడా అపిసాయి వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుకుని, ఎవరూ తెలిసినవాళ్ళు కారని నిశ్చయించుకుని సంతకం పెట్టాడు. తొమ్మిదో పేరు ఉలామిలా. చిరునామా దగ్గర హాస్టలు బడి పేరు ఉంది. ఊరిపేరు లేదు.

ఆ తొమ్మిదో పిల్ల లోపలికొచ్చేసరికి పదకొండైంది. బయట వాన మొదలై తగరపు కప్పుమీద దరువు వేస్తోంది. పిల్ల పొట్టిగా, బలంగా ఉంది. జుట్టు గట్టిగా వెనక్కు దువ్వి కట్టింది. ఇస్త్రీ చేసిన బడి యూనిఫారం, వానలో తడిసిన చెప్పులు. చెప్పులు గుమ్మం బయటే వదిలేసి, పెద్దవాళ్ళ ముందు నడిచినట్టు నడుము వంచుకుని వచ్చి కుర్చీ అంచుమీద కూర్చుంది.

బడినుంచి వచ్చిన ఉత్తరం మెరెసేని ముందుంది. అన్నింట్లోనూ మంచి మార్కులు, రసాయనశాస్త్రంలో మాత్రం అంతంత. ఆ బడిలో రెండేళ్ళుగా ఆ పాఠానికి టీచరు లేడని, పాత పుస్తకం పెట్టుకుని తనంతట తానే చదివిందని హెడ్మాస్టరు రాశాడు. "మాట్లాడదు. కానీ వింటుంది" అని చివర ఒక ముక్క.

"డాక్టరు ఎందుకవ్వాలనుకుంటున్నావు ఉలామిలా?" అని అడిగాడు దత్.

పిల్ల తల దించుకుంది.

"పుస్తకంలో చదివినదాంట్లో నీకు బాగా నచ్చిందేమిటి?"

పిల్ల చేతులు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి.

"ప్రయాణం బాగా జరిగిందా?"

కనుబొమలు పైకి లేచాయి. అంటే అవునని. అంతకుమించి ఏమీ రాలేదు. దత్ నమలడం ఆపి నిట్టూర్చాడు. ఒక్కొక్కరికి ఇచ్చే పన్నెండు నిమిషాల్లో నాలుగు గడిచిపోయాయి. మొదటి కాయితం పిల్ల ముందు పెట్టారు. చూసింది, పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. పెద్దవాళ్ళు ముగ్గురు ఎదురుగా కూర్చుంటే పిల్ల గొంతు ఎత్తకూడదని నేర్పిన ఇళ్ళు అపిసాయికి తెలుసు. అతని ఇల్లూ అలాంటిదే. తప్పు చెబితే సిగ్గు, ఒప్పు చెబితే మిడిసిపాటు. మధ్యలో మౌనమే సుఖం.

మెరెసేని గొంతు తగ్గించింది. "పోనీ, ఇది చెప్పమ్మా. నీది ఏ ఊరు?"

"వాతుదామూ" అంది పిల్ల, వినబడీ వినబడకుండా.

అపిసాయి నోరు అపిసాయి మాట వినలేదు.

"వాతుదామూనా! పీతల దొంగల ఊరు! అదా సంగతి! మా నైవాకా పీతల్ని నోట్లో కుక్కుకొచ్చింది, ఇంక మాటెక్కణ్ణుంచి వస్తుంది?"

గది బిగుసుకుపోయింది. దత్ చేతిలో కప్పు గాల్లో ఆగింది. మెరెసేని కళ్ళు మూసుకుంది. వాళ్ళకు వివరించనక్కర్లేదు. వాతుదామూ, అపిసాయి సొంతూరు నైవాకా ఒకదానికొకటి తౌవు ఊళ్ళు. రక్తసంబంధమూ కాదు, పెళ్ళిసంబంధమూ కాదు. ఏ కాలంలోనో ఆ రెండు ఊళ్ళూ కొలిచిన దేవతలు వరసైనవాళ్ళు, ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్ళు. దేవతలు వెళ్ళిపోయారు, ఎగతాళి మిగిలింది. తౌవు ఊరి మనిషీ తౌవే, ఎదురుపడితే తిట్టాలి. తిట్టకపోతే అవమానం. తౌవు ఏది అడిగినా ఇచ్చేయాలి. కాదంటే పాపం. కిందటేడు బజారులో వాతుదామూ ముసలమ్మ ఒకతె అపిసాయి భుజంమీది చేమదుంపల మోపు మొత్తం అడిగి పట్టుకుపోతే, ఖాళీ భుజంతో ఇంటికొచ్చాడు. ఇది క్రీస్తును నమ్మినవాడు చేయదగిన పనేనా అని ఒకసారి పాస్టరునే అడిగాడు. "నీ కోపం అంతా నవ్వులో పోతోంది కదా, పోనీ" అన్నాడాయన. అది సరైన జవాబో కాదో అపిసాయికి ఇప్పటికీ తెలియదు.

పిల్ల తల పైకెత్తింది. ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి. పెద్ద కళ్ళు, వాటినిండా కొంటెతనం.

"నైవాకానా నువ్వు! అదే అనుకున్నా. ఇందాకట్నుంచీ ఎండుచేప కంపు ఎక్కణ్ణుంచా అని చూస్తున్నా."

దత్ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. మెరెసేని ఆపమన్నట్టు చెయ్యెత్తింది. పిల్ల ముఖం చూసింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించేసింది.

"కాయితం చూడు ఉలామిలా. ఏ ఆసుపత్రి మేలు?" అంది.

"మొదటిది. అక్కడ నూటికి పదిమంది. రెండోదాంట్లో ఇరవైకి నలుగురంటే నూటికి ఇరవై."

అపిసాయి పెదవులు కొరుక్కున్నాడు. లాభం లేకపోయింది. "అంతేనా? వాతుదామూలో లెక్క ఇంతే. వేళ్ళయిపోతే ఇంటికెళ్ళిపోతారు."

"ఉండు ముసలాయనా, ఆలోచిస్తున్నా. మీ ఊళ్ళో ఎవరైనా ఆలోచించడం నువ్వు చూసుంటే కదా, నీకు ఆనవాలు తెలియడానికి!"

అలా అంటూనే పిల్ల కాయితంమీదికి వంగింది. కనుబొమలు దగ్గరకొచ్చాయి. వానచప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత తలెత్తి, ముగ్గురివంకా చూసి, ఏ జంకూ లేకుండా అంది.

"తప్పు. నేను చెప్పింది తప్పు."

"ఎందుకు?" మెరెసేని ముందుకు జరిగింది.

"మా దీవిలో నర్సు ఒక్కావిడే. చిన్న జ్వరమైతే ఆవిడ దగ్గరే తగ్గిపోద్ది. ఇంక బతకరనుకున్నప్పుడే పడవెక్కించి ఆసుపత్రికి పంపిస్తారు. అక్కడ ఎక్కువమందే పోతారు మరి. దానికి ఆసుపత్రిని అంటే ఎలా? ఎలాంటోళ్ళు వచ్చారో తెలీకుండా ఎంతమంది పోయారో చూస్తే ఏం తెలుస్తుంది?" ఒక్క క్షణం ఆగింది. "అది రాసుందా మీ దగ్గర? ఎవరు ఎంత జబ్బుతో వచ్చారో?"

మెరెసేని మోచెయ్యి కదిలింది. రెండు రోజుల్లో రెండో కాయితం బయటికి రావడం అది మూడోసారి.

పిల్ల దాన్ని గబుక్కున లాక్కుంది. మొదటి ఆసుపత్రికి వచ్చిన నూరుమందిలో తొంభైమందికి చిన్న జ్వరమే, ముగ్గురు పోయారు. పెద్ద జబ్బుతో వచ్చినవాళ్ళు పదిమంది, ఏడుగురు పోయారు. రెండోదాంట్లో చిన్న జ్వరంవాళ్ళు నలుగురు, ఒక్కరూ పోలేదు. పెద్ద జబ్బువాళ్ళు పదహారుమంది, నలుగురు పోయారు.

"చిన్న జ్వరానికి రెండోదే మేలు, ఒక్కరూ పోలేదు కనక..." అని మొదలెట్టి ఆగింది. "ఉహూ. నలుగురే వచ్చారు. నలుగుర్ని చూసి ఏం చెప్తాం? ఇది తీసేస్తున్నా." వేలితో ఆ వరసను కొట్టేసినట్టు గీసింది. "పెద్ద జబ్బు చూద్దాం. అక్కడ పదిమందిలో ఏడుగురు. ఇక్కడ పదహారుమందిలో నలుగురు. రెండోదే మేలు. ముందు చెప్పినదానికి సరిగ్గా తిరగబడింది!" ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం ఎవరో ఏదో బహుమతి ఇచ్చినట్టుంది. "కానీ ఇదీ పదీ పదహారే. ఇంకో ఏడాది లెక్క కూడా చూస్తేగానీ ఒట్టు పెట్టను."

ముప్పై నాలుగేళ్ళు కట్లు కట్టిన మనిషి అపిసాయి. కట్టు బాగా వేసేవాళ్ళు చాలామందిని చూశాడు. వేసిన కట్టు వంకరగా పడిందని తెలిసి, రోగీ చుట్టాలూ చూస్తుండగానే దాన్ని కోసిపారేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళను మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టగలడు. ఆ చేతులు గొప్పవి. వాటికి సిగ్గుకన్నా రోగి ఎముక ముఖ్యం. రెండు రోజులుగా ఇక్కడ తెలివైన పిల్లలు తెలివైన జవాబులు చెప్పారు. తన జవాబును తనే పట్టుకుని, కోసి, మళ్ళీ కట్టిన పిల్ల ఈమె. అదీ నవ్వుతూ. తౌవు ముందు తప్పు చెప్పడానికి ఎవరికీ సిగ్గుండదు, ఎలాగూ తిట్లు తప్పవు కదా! సిగ్గు తొలగిపోతే లోపల ఇంత ఉందన్నమాట అనుకున్నాడు. దేవుడికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"సమయం అయిపోవచ్చింది. మమ్మల్ని ఏమైనా అడగాలనుందా?" అంది మెరెసేని. అది అందరినీ అడిగే మాటే.

అపిసాయి తన మార్కుల కాయితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. అడగాలనుందా! ఈ పిల్ల తౌవు. ఏది అడిగినా తను ఇచ్చి తీరాలి. ఇప్పుడు "తౌవూ, పదికి పదీ వెయ్యి" అంటే? వేయకపోతే ఊరి ధర్మం తప్పినవాడవుతాడు, వేస్తే పొద్దున దేవుడికి చెప్పుకున్న మాట తప్పుతాడు. ఆమె అర్హతకే వేసినా, అడిగినందుకు వేసినట్టే అవుతుంది. ఆ సంగతి పిల్లకు తెలియకుండా ఎలా ఉంటుంది?

పిల్లకు తెలుసు. ఆమె మార్కుల కాయితంవంక చూసింది, తర్వాత అపిసాయి వంక. కళ్ళలో కొంటెతనం అలాగే ఉంది.

"తౌవూ, ఆ పెన్ను ఇయ్యి."

అపిసాయి చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. పిల్ల పెన్ను తీసుకుని జుట్టుముడిలో దోపుకుంది.

"ఇంక నాకు మార్కెలా వేస్తావో చూస్తా. తక్కువేస్తే నైవాకా బుద్ధి అంటాను. ఎక్కువేస్తే ముసలి తౌవు దగ్గర అడుక్కుందని మావాళ్ళు నేను చచ్చేదాకా నవ్వుతారు. నీ మార్కు నాకొద్దు, నీ పెన్ను చాలు."

లేచి, నడుము వంచుకుని, వచ్చినంత నెమ్మదిగా గుమ్మం దాటింది.

దత్ ముందుగా తేరుకున్నాడు. తన కాయితంమీద ఎనిమిది వేశాడు. మెరెసేని తొమ్మిది వేసింది. రెండూ కలిపితే పదిహేడు.

"ఇంక నాలుగు వస్తే చాలు పెద్దాయనా" అని దత్ తన పెన్ను అపిసాయి ముందుకు తోశాడు. "ఇదిగో. నాలుగు వెయ్యండి. ఆ పిల్లకి తొమ్మిది వెయ్యాలని మీకూ ఉంది, నాకు తెలుసు. నాలుగంటే మొగ్గు చూపారని ఎవరూ అనరు."

అపిసాయి ఆ పెన్నును ముట్టుకోలేదు. నాలుగు. రెండు రోజులుగా ఎంతోమందికి వేసిన అంకె. ఇప్పుడు అది వేయకపోతే ఆ పిల్ల పేరు జాబితాకెక్కదు, మళ్ళీ ఆ దీవికి వెళ్ళిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసే పెన్ను తీసుకుందా, తెలియక తీసుకుందా? ఏదైనా ఒకటే.

"వద్దు డాక్టరుగారూ. నన్ను వెయ్యొద్దని అడిగింది. ఆమె తౌవు, నేను కాదనలేను. పైగా పొద్దున నేను పెట్టిన సంతకం తప్పైంది. అయినవాళ్ళెవరూ లేరన్నాను. ఉన్నారు. డాక్టరమ్మా, ఆ కాయితం మీ చేత్తో దిద్దండి. నాకు పెన్ను లేదు."

"తౌవు చుట్టం కాదుగా! ఏ ఫారంలోనూ ఆ మాటకి గడి లేదు" అన్నాడు దత్.

"గడి లేకపోవడం మన తప్పు" అంది మెరెసేని. పొద్దుటి కాయితం తీసి, తొమ్మిదో పేరు ఎదుట రాయవలసింది రాసింది. కొంచెంసేపు కిటికీలోంచి వాన చూసింది. ఆమె మనసులో ఏముందో అపిసాయికి తెలియదు. కాని ఆమె కూడా ఆ పిల్లను పోగొట్టుకోవాలనుకోవడం లేదని మాత్రం తెలిసింది. "నియమం ఉంది. మూడోమనిషి తప్పుకుంటే ఇంకో మూడోమనిషిని పిలవొచ్చు. కొత్త ప్రశ్న అడగాలి. ఆ మనిషి వేసేదే మూడో మార్కు. కినిసిమెరెగారికి ఫోన్ చేస్తాను."

దత్ ముఖం వేలాడేశాడు. కినిసిమెరె ఆడపిల్లల బడికి ఇరవై ఆరేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఆవిడ పేరు వింటే నలభై ఏళ్ళ ఉద్యోగస్తులు ఇప్పటికీ చేతులు వెనక్కు కట్టుకుని నిలబడతారు. "ఆవిడ ముందు నేనే మాట్లాడలేను. ఆ పిల్ల మాట్లాడుతుందా?" అన్నాడు.

"అదే చూడాలి. పెద్దాయనా, మిగతా పిల్లలయ్యాక మీరు వరండాలో కూర్చోండి. ఆ పిల్లతో ఒక్క మాట కూడా వద్దు. మాట్లాడితే ఇది కూడా చెల్లదు."

మూడింటికి కినిసిమెరె టాక్సీలో దిగింది. గొడుగు ముడిచి, దాన్నే కర్రలా నేలకు పొడుస్తూ లోపలికి నడిచింది. అపిసాయి వరండాలో బల్లమీద కూర్చున్నాడు. కాంటీన్‌లో రొట్టె తిని ఉలామిలా వచ్చింది. మళ్ళీ పిలిచారని చెప్పారు గానీ, లోపల ఎవరున్నారో గాజు పలకల కిటికీలోంచి చూశాకే ఆమెకు తెలిసింది. పెదాలమీది నవ్వు పోయింది. అయినా అపిసాయి ఎదుట నిలబడింది.

"ఏం తౌవూ, మళ్ళీ పిలిపించావా? ఒకసారి తిట్టించుకుంటే చాల్లేదా?"

తౌవు పలకరిస్తే పలకకపోవడం అపిసాయి జన్మలో అదే మొదటిసారి.

"నాలుక కూడా నేనే పట్టుకుపోయానా? అడిగినట్టు గుర్తులేదే!"

అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలుపు వైపు కళ్ళతో చూపించాడు. పిల్ల ఒక్క క్షణం అతనికేసి చూసి అర్థం చేసుకుంది.

"సరే. నీ వాటా కూడా నేనే అనుకుంటాలే" అంది. గొంతు బొంగురు చేసి, అచ్చం అతనిలాగే తల ఊపుతూ, "ఓసి పీతలదొంగా, పద లోపలికి. ఏం చెప్పినా నవ్వుతాను. ఒప్పు చెప్పినా నవ్వుతాను" అనుకుంటూ చెప్పులు విడిచి వెళ్ళిపోయింది.

కిటికీ పలకలు సగం తెరిచే ఉన్నాయి. వాన తగ్గింది. లోపలి మాట ప్రతిదీ వరండాలోకి వస్తోంది.

"నువ్వేనా ఉలామిలా. నిటారుగా కూర్చో" అంది కినిసిమెరె గొంతు. "ఇది విను. ఒక ఊళ్ళో ఇంటింటికీ సబ్బు పంచారు. ఆ ఏడాది పిల్లల్లో విరేచనాలు సగానికి సగం తగ్గాయి. సబ్బు వల్లే తగ్గాయని ఆ ఊరి పెద్ద అంటున్నాడు. నువ్వేమంటావు?"

జవాబు లేదు.

అపిసాయి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. గడియారం ఎక్కడో టిక్కుటిక్కుమంటోంది. ఒక్క తిట్టు చాలు. కిటికీ దగ్గర నిలబడి, వాతుదామూలో సబ్బంటే తినేదనుకుంటారు అని ఒక్క మాట విసిరితే ఆ పిల్ల నోరు తెరుచుకుంటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం అతనికి ఎంత కష్టమైందో దేవుడికే తెలుసు. ప్రభూ, నా నోరు నువ్వు మూయి, ఆమె నోరు నువ్వు తెరువు అనుకున్నాడు. ఇందాక తన నోరు జారబట్టే ఆమె మాట్లాడింది, ఇప్పుడు ఆ నోరే మూసుకుని ఉండాలి. ఏది దేవుడి పనో ఏది తన పొరపాటో అతనికి తెలియలేదు.

"అమ్మగారూ" అంది లోపలినుంచి సన్నని గొంతు. "నేను ముందు తప్పు చెబుతాను. తర్వాత సరిచేసుకుంటాను. పర్లేదా?"

ఈసారి నిశ్శబ్దం హెడ్మిస్ట్రెస్‌ది.

"తప్పు చెబుతానని ముందే చెప్పిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు" అంది చివరికి. ఆ గొంతులో కరుకుదనం కొంత తగ్గింది. "చెప్పు."

"సబ్బు వల్లే." ఆగింది. "తప్పు. సబ్బు వల్ల కావచ్చు, అంతే. ఆ ఏడాది ఇంకేమైనా మారిందా ఆ ఊళ్ళో? కొత్త నీళ్ళ పైపు లాంటిది? సబ్బు పంచని పక్క ఊళ్ళో కూడా తగ్గాయా? తగ్గితే సబ్బు గొప్పేం లేదు. వానలు తక్కువ పడి ఉండొచ్చు. అమ్మగారూ, పక్క ఊరి లెక్క ఉందా?"

కాయితం సర్రుమన్న చప్పుడైంది. తర్వాత ఇద్దరి గొంతులూ ఒకదానిమీద ఒకటి పడసాగాయి. ఒకదాన్నొకటి ప్రశ్నించుకుంటున్నాయి. కినిసిమెరె ఒకచోట "ఊహూ, అది ఒప్పుకోను" అంటే, పిల్ల "అయితే ఇలా చూడండి" అంది. అపిసాయి ఇంక వినలేదు. కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. కినిసిమెరె వరండాలోకి వచ్చి, ఎంత వేసిందీ చెప్పలేదు. అపిసాయి అడగలేదు. టాక్సీ ఎక్కబోతూ మాత్రం, "హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న ఇరవై ఆరేళ్ళూ పిల్లల్ని నోరు మూసుకోమనే చెప్పాను. ఎందుకు చెప్పానో!" అని తనలో తను అనుకున్నట్టు అంది.

మూడు వారాలకు జాబితా వచ్చింది. మొత్తం మార్కులతో సహా గోడకు అంటించారు. ఉలామిలా పేరు పైనుంచి ఏడోది. ఇంటర్వ్యూ మార్కులు ముప్పైకి ఇరవై ఆరు. అందులో తొమ్మిది హెడ్మిస్ట్రెస్ వేసిందని అపిసాయి వేళ్ళమీద లెక్క కట్టుకుని, గోడ దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మిగతా జాబితా కూడా కింది దాకా చదివాడు. జాబితాలో లేని పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్కణ్ణుంచి తిన్నగా మెరెసేని గదికి వెళ్ళాడు.

"డాక్టరమ్మా, ఆ రెండు రోజుల్లో నోరు విప్పని పిల్లలు ఇంకో పదిమంది ఉన్నారు. వాళ్ళకి నేను మూడూ నాలుగూ వేశాను. వాళ్ళ లోపల ఏముందో నేను చూళ్ళేదు. వాళ్ళ సిగ్గుకే మార్కేశాను. వాళ్ళకి ఈ బల్లదగ్గర తౌవు లేడు, అంతే తేడా."

మెరెసేని తల ఊపింది. "నేనూ అలాగే వేశాను అపిసాయిగారూ. మూడు వారాలుగా నాకూ అదే బాధ. ఈ ఏడాదిది ఇంక మార్చలేను. వాళ్ళకి ఉత్తరాలు రాస్తున్నాను, వచ్చే ఏడు మళ్ళీ రమ్మని." సొరుగులోంచి ఒక కాయితం తీసి చూపించింది. వచ్చే ఏటి ప్రశ్నల చిత్తుప్రతి అది. పైన ఆమె చేతిరాతతో ఒక వాక్యం కొత్తగా చేరింది. మొదట చెప్పే జవాబుకు మార్కు లేదు, దాన్ని ఎలా దిద్దుకుంటావో దానికే మార్కు, ఆ సంగతి పిల్లకు ముందే చెప్పాలి అని.

అపిసాయి దాన్ని రెండుసార్లు చదివాడు. "బాగుందమ్మా" అన్నాడు.

"మీరు మళ్ళీ రావాలి. వస్తారా?"

"వస్తాను. కానీ పిల్లలు లోపలికి రాకముందే, సంతకం పెట్టేటప్పుడే, అందరి ఊళ్ళూ నాకు చదివి వినిపించాలి. వాతుదామూవాళ్ళు ఎవరైనా ఉంటే నేను ఆ పూటంతా వరండాలోనే కూర్చుంటా."

మెరెసేని నవ్వింది. గడియారం చూసుకోకుండా నవ్వింది.